చీనా పుస్తకం

ఆస్టినాబాద్‌లో ఒక బడివాళ్ళు ఈ మధ్య పిల్లలకు బొమ్మల పోటీ పెట్టి, బహుమతులు ఎంచడానికి నన్ను పిలిచారు. నాకు బొమ్మలు వేయడం రాదు. తెలుగులో నాలుగు కథలు రాశానన్నదొక్కటే నా అర్హత. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగులో రాసేవాళ్ళు మరీ తక్కువ, అందుకని పాటల పోటీ అయినా వంటల పోటీ అయినా చేతికి దొరికిన మమ్మల్నే కుర్చీలో కూర్చోబెట్టి మెడలో దండ వేస్తారు. నాకు తోడుగా ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు వచ్చారు. ‘మా ద్వీపం’ అని విషయం ఇస్తే పిల్లలు సముద్రం, కొబ్బరిచెట్టు, జెట్టీ అన్నీ వేశారు గానీ, వాటి ముందు ఒక మొహం కూడా వేశారు. ఆ మొహంలో సగం కళ్ళే. కళ్ళలో నక్షత్రాలు. ముక్కు ఉందో లేదో వెతుక్కోవాలి. మాస్టారు ఒక్కో కాగితమూ తిప్పుతూ, “ఇవి మన కళ్ళు కావండి. ఫోన్లో చూసి దింపేస్తున్నారు, జపానువాళ్ళ బొమ్మలు. ఆడో మగో కూడా తెలీదు” అని విసుక్కున్నారు.

అక్కడే నిలబడ్డ పిల్ల ఒకతి, తన బొమ్మనే తిడుతున్నారని తెలిసి కూడా కదల్లేదు. నాకు ముచ్చటేసి, “ఇది అబ్బాయా, అమ్మాయా?” అని అడిగాను. “అభీ తక్ సోచా నహీ, ఆంటీ” అంది. నేను తెలుగుదాన్నని గుర్తొచ్చి, “ఇంకా అనుకోలేదు. పహలే కళ్ళు ఏసేస్తాను, మిగతాది తర్వాత చూస్తాను” అని తెలుగులో చెప్పింది. మొదటి బహుమతి ఆ పిల్లకే ఇవ్వాలని పట్టుబట్టాను. మాస్టారికి కోపం వచ్చి నా పక్క కూర్చోకుండా వేరే బల్ల దగ్గరికి వెళ్ళి టీ తాగారు. ఆయనకు నేనేం చెప్పను? ఆ కళ్ళు ఫోన్లు పుట్టకముందే మా మిన్నీ బే ఇంట్లోకి వచ్చాయని, వాటి మూలంగా ఆ ఇల్లు కొన్ని నెలలపాటు ఊపిరి బిగబట్టుకుని బతికిందని టీ తాగే లోపల చెప్పగలిగే సంగతి కాదు. ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది చెక్క ఇల్లు, దిమ్మల మీద నిలబెట్టినది, పైన రేకు. వాన మొదలైతే పక్కనున్నవాళ్ళ మాట కూడా వినపడేది కాదు. మీ ఇంట్లో అందరూ అరుస్తారేమిటని పెళ్ళయ్యాక మా అత్తవారు ఎద్దేవా చేశారు గానీ, ఆ రేకు కింద ఒక వానాకాలం గడిపితే వాళ్ళకూ అదే గొంతు వచ్చేది. దూరం నుంచే కిరసనాయిలు, ఎండు నెత్తళ్ళు, ఆరీ ఆరని బట్టలు కలిసిన వాసన ఎదురొచ్చేది. మా నాన్న ఫీనిక్స్ బే నుంచి వేరే దీవులకు తిరిగే ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్ళు దానికి డీజిలు వాసన తోడయ్యేది. మా అమ్మ సుగుణ నెమ్మదస్తురాలు. ఇంటి పెత్తనం అంతా మా మామ్మది, అంటే నాన్న తల్లిది. మామ్మకు చదువు రాదు, కీర్తనలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా నోటికొచ్చు. తెల్లారగానే పొయ్యి ముందు కూర్చుని ప్రార్థన చేసేది, ఆమెన్ అన్న ఊపిరితోనే మా అందరినీ వరసగా తిట్టడం మొదలుపెట్టేది. దేవుడితో మాట్లాడిన గొంతుకూ మాతో మాట్లాడిన గొంతుకూ తేడా ఏమీ ఉండేది కాదు.

ఆ ఇంట్లో మామ్మ పెట్టిన కట్టడి ఒకటి ఉండేది. జపాను వస్తువు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. నాన్న ఓసారి ఓడవాళ్ళ దగ్గర ఒక ట్రాన్సిస్టరు కొని, ఎక్కడిదో చెప్పకుండా తెచ్చిపెట్టాడు. మామ్మ రోజూ దానిలో వార్తలు వినేది, మెచ్చుకునేది కూడా. ఒక ఆదివారం మా ఇంటికొచ్చిన సంఘపెద్ద దాన్ని తిప్పి చూసి, “అచ్ఛా, అసలు జపాన్ మాల్” అన్నాడు. మామ్మ ఆయనకు టీ ఇచ్చింది, ప్రార్థన చేయించుకుంది, గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది. తర్వాత ట్రాన్సిస్టరు తీసుకుని రాళ్ళ దగ్గరికి నడిచి సముద్రంలోకి విసిరేసి వచ్చి, సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. పెద్ద యుద్ధంలో జపానువాళ్ళు మా దీవులను ఆక్రమించుకున్నప్పుడు మా తాతను పట్టుకుపోయారు, ఆయన తిరిగి రాలేదు. అప్పటికి నాన్న పాలుతాగే పిల్లాడు. నాకు తెలిసింది అంతే, మించి ఎవరూ చెప్పేవారు కాదు. అడిగితే అమ్మ నోటి మీద వేలు పెట్టి వంటింటి వైపు చూసేది.

ఇక రూతు అత్త. నాన్నకు అక్క, పెళ్ళి చేసుకోలేదు. బట్టలు కుట్టేది, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేది, ఆ పాఠాల కోసం తెల్లగుడ్డల మీద రంగులతో బైబిలు బొమ్మలు వేసేది. అత్త నడక వేరు. గట్టు మీద నుంచి ఊగుతూ, పెద్ద పెద్ద అంగలు వేస్తూ వస్తుంటే చీర వెనక నుంచి పరిగెత్తుకొస్తున్నట్టు ఉండేది. నలభైకి దగ్గరపడుతున్న మనిషిని పట్టుకుని మామ్మ రోజూ “అడుగు సిన్నగెయ్యే” అనేది. అంతకు మించి తల్లీకూతుళ్ళ మధ్య మాటలు తక్కువ. ఉప్పు, నీళ్ళు, తలుపు వెయ్యి, అంతే. ఇద్దరూ ఒక గదిలో ఉంటే నేను ఏదో వంక పెట్టుకుని బయటికి వెళ్ళిపోయేదాన్ని. పోట్లాడుకునే ఇళ్ళు చాలా చూశాను. ఇది అది కాదు. ఎప్పుడో ఆగిపోయిన పోట్లాట ఒకటి ఇంకా వాళ్ళ మధ్యే కూర్చుని ఉందనిపించేది.

ఆ ఏడాది బళ్ళు తెరిచే ముందు నాన్న ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. ఇంజను సామాన్లు వచ్చిన చెక్కపెట్టెలో, ఇనుము ఒరుసుకోకుండా కుక్కిన కాగితాల మధ్య దొరికిందట. దీవుల్లో కాగితం అంటే అపురూపం. మా నోటుపుస్తకాలకు అట్టలు వేయడానికి ఓడల వాళ్ళు పారేసిన కాగితమే దిక్కు. “చీనా పుస్తకం. బొమ్మలు బాగున్నాయి, సుగుణా, అమ్మాయికి అట్టలెయ్యి” అన్నాడు నాన్న. పెట్టెల్లాంటి అక్షరాలు ఎక్కడ కనిపించినా మా వాళ్ళకు అది చీనాయే. అమ్మ కత్తెర తెచ్చుకుని కూర్చుంది. అత్త మిషను దగ్గర నుంచి ఇటు తిరిగి చూసింది, లేచింది, అమ్మ చేతిలోంచి పుస్తకం లాగేసుకుంది. “బొమ్మలు చూసుకుంటాను, కొయ్యకు” అంది. అత్త అంత మోటుగా ప్రవర్తించడం నేనెప్పుడూ చూడలేదు. వంటింట్లోంచి మామ్మ, “ఏటది?” అని కేకేసింది. అత్త మొహం తెల్లగా పాలిపోయింది. “చీనా పుస్తకం అమ్మా” అని జవాబు చెప్పింది. ఆ చిన్న మాట చెప్పడానికి అత్త ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

ఆ పుస్తకం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. లోపల కాగితాలు కొంతదూరం లేత గులాబి, కొంతదూరం లేత ఆకుపచ్చ. పేజీ అంతా బొమ్మల గదులు, ఏ గదీ ఇంకో గదిలా ఉండదు. ఒకటి గాజుపెంకులా కోసుగా, ఒకటి తలుపంత పొడుగ్గా. ఒక గదిలోని పిల్ల జుట్టు గీత దాటి పక్క గదిలోకి ఎగిరేది. ఎవరికైనా మనసు కష్టపడితే వెనకాల, తోట లేకుండానే, పూలు పూసేవి. కోపం వస్తే నాలుగు వైపుల నుంచీ గీతలు వచ్చి మొహం మీద పడేవి. కళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. చెరువంత కళ్ళు, లోపల కిటికీ మెరుపు, దాని పక్కన చిన్న చుక్కలు. నాకు మొదట్లో మగపిల్లలెవరో ఆడపిల్లలెవరో తెలిసేది కాదు, అందరికీ అవే రెప్పలు. మొహం వదిలేసి కాళ్ళు చూడమని అత్త నేర్పింది. ఆడపిల్లయితే మోకాళ్ళు దగ్గరగా పెట్టి బొటనవేళ్ళు లోపలికి తిప్పుకుని నిలబడుతుంది. మగపిల్లాడు కాళ్ళు ఎడంగా పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంటాడు. ఆడది టీ పోస్తుంటే మగవాడు కిటికీ అవతలికి చూస్తుంటాడు. తల్లులు ఎప్పుడూ ఆప్రాను కట్టుకుని తలుపు దగ్గరే ఉంటారు. వాళ్ళ కళ్ళు చిన్నవి, వాటిలో చుక్కలుండవు. నక్షత్రాలన్నీ పిల్లలకే. ఇదంతా అత్త ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి చూపించింది. మామ్మ స్త్రీల కూటానికి వెళ్ళిన మధ్యాహ్నాల్లో, ఇంటి వెనక బట్టలుతికే బండ మీద కూర్చుని, తడి చీరలు అడ్డంగా ఆరేసుకుని, మేమిద్దరం ఆ పుస్తకం తెరిచేవాళ్ళం. నేను ఒక చెవి దారి వైపే వేసి ఉంచేదాన్ని.

రెండోసారో మూడోసారో గమనించాను, అత్త బొమ్మలు మాత్రమే చూడటం లేదు. పెదవులు కదులుతున్నాయి. పెద్ద అక్షరాల పక్కన పిల్లల కోసం చిన్న అక్షరాలు ఉండేవి, అత్త వేలు వాటి మీద నడుస్తోంది. “చీనా నీకెలా వచ్చు అత్తా?” అన్నాను. అత్త దారి వైపు ఒకసారి చూసింది. “ఇది చీనా కాదు, ఎస్తేరూ” అంది. ట్రాన్సిస్టరు రాళ్ళ మీద నుంచి ఎగిరి పడటం కళ్ళ ముందు కదిలింది. “మామ్మకు తెలిస్తే?” అన్నాను. “పుస్తకం పోతే పోద్ది. దాంతోపాటు నేనూ పోవాలి. ఊళ్ళో తెలిస్తే ఇంకా కష్టం. ఆళ్ళ భాష తెలిసినోళ్ళని ఆళ్ళ మనుషులనుకునే రోజులవి, ఇప్పటికీ అలా అనుకునేవాళ్ళు ఉన్నారు” అంది. అత్త భయపడటం నాకు కొత్త. పెద్దవాళ్ళ భయం చూసిన పిల్లకు కాళ్ళ కింద నేల ఉండదు, నాకూ అప్పుడు లేదు.

ఆ పుస్తకంలో ఉన్న పెద్ద కథ ఒక దొరల ఇంటి పిల్లది. కొడుకు చనిపోతే ఇల్లు పరాయివాళ్ళ పాలవుతుందని తల్లి ఆ పిల్ల జుట్టు కత్తిరించి, చనిపోయిన కొడుకు బట్టలు తొడిగి మగపిల్లల సైనికబడికి పంపుతుంది. పిల్ల కత్తి తిప్పుతుంది, గుర్రమెక్కుతుంది, ఒక్కతీ ఉన్నప్పుడు అద్దంలో చూసుకుంటుంది. తెల్లారితే వైద్యుడు వచ్చి బడిలో పిల్లలందర్నీ పరీక్ష చేస్తాడని ఆఖరి పేజీలో తెలుస్తుంది. పిల్ల గది మూలకు నక్కి నిలబడి ఉంటుంది. ఆఖరి బొమ్మలో తలుపు పిడి తిరుగుతున్నట్టు గీతలు. అక్కడితో ఆగిపోయింది, మిగతాది మళ్ళీ నెల. అది మాసపత్రిక అని అత్త చెప్పింది. మాకు మళ్ళీ నెల ఎక్కడిది? ఇప్పటి పిల్లలకు ఇది అర్థం కాదు. కథ ఆగితే వేలితో ఒకసారి తాకి మిగతాది చూసేస్తారు. మేము ఆ తలుపు పిడి దగ్గరే రోజుల తరబడి నిలబడిపోయాం. బడిలో లెక్కలు చేస్తుంటే కూడా తలుపు తెరుచుకుంటుందేమోనని తల తిప్పి చూసేదాన్ని.

“ఎవరో ఒకరు కాపాడతారు కదత్తా?” అని నేను ఒకరోజు అడిగాను. అత్త చేతిలోని తడిగుడ్డ పిండుతూ, “నన్ను మా అమ్మ కాపాడింది” అంది. ఆ తర్వాత చెప్పింది నేను ఎవరితోనూ అనలేదు, అత్త పోయాక ఇప్పుడే రాస్తున్నాను. తాతను పట్టుకుపోయిన వారంలోనే మామ్మ అత్త జడ కోసేసింది. ఆడపిల్లల్ని దాచుకోవాల్సిన కాలం అది. నిక్కరు తొడిగి, రాజు అని పేరు పెట్టి, జపానువాళ్ళు నడిపే బడికి పంపింది. బడికి వచ్చిన మగపిల్లలకు గుప్పెడు బియ్యం పెట్టేవారు, ఆ గుప్పెడుతోనే మా నాన్న బతికాడు. “నాకు ఆళ్ళ మాటలంటే నిలబడు, పరిగెత్తు, వంగు, అవే తెలుసు. ఈ పుస్తకంలో తల్లి పిల్లతో మాట్లాడేది సగం అర్థం కావట్లేదే. ఆ భాషలో ముద్దుమాటలు కూడా ఉంటాయని నాకు తెల్దు” అంది అత్త. పడవల మీద తిరిగిందట, చెట్లెక్కిందట, ఎవరూ అడుగు చిన్నగా వెయ్యమనలేదట. భయం లేని రోజు లేదు, అయినా ఆ తిరుగుడు బాగుండేదని అత్త సిగ్గుపడుతూ ఒప్పుకుంది. ఒకరోజు గజ్జి ఉందేమో చూస్తామని పిల్లలందర్నీ బట్టలు విప్పి వరసలో నిలబడమన్నారు. అత్త వరసలో చివరికి జరిగి జరిగి, ఇక జరగడానికి చోటు లేక నిలబడిపోయింది. అప్పుడు గేటు దగ్గర నుంచి మామ్మ వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. చేతిలో కొబ్బరిమట్ట. “దొంగముండాకొడకా, బియ్యం దొంగిలించి బడికొచ్చేస్తావా” అని అరుస్తూ, కాపలావాళ్ళ ముందే కొట్టుకుంటూ, చెవి పట్టుకుని ఈడ్చుకుపోయింది. కాపలావాళ్ళు పగలబడి నవ్వి వదిలేశారట.

“మామ్మ ఎంత తెలివైంది” అన్నాను నేను, నోరు తెరుచుకుని. అత్త నవ్వలేదు. “ఇంటికొచ్చాక తలుపేసింది. తలుపేసి మళ్ళీ కొట్టింది. చాలాసేపు కొట్టింది. అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు కదా, ఎస్తేరూ? మరెందుకు కొట్టింది?” అని నన్నే అడిగింది, నేనేదో చెప్పగలిగినట్టు. యుద్ధం అయిపోయాక మామ్మ లంగా జాకెట్టు తెచ్చి ముందు పడేసి, ఇకనుంచి ఆడపిల్లలా ఉండు, ఆ మాట ఎప్పుడూ ఎత్తకు అందట. అత్త ఎత్తలేదు. అంతటి పని చేయించిన తల్లి, దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. తనను చూస్తే ఆమెకు అసహ్యమేమోనని, మొగుడు పోయి ఈ గుంట మిగిలిందేమిటని కోపమేమోనని అత్త ఇన్నేళ్ళూ అనుకుంటూ బతికింది. ఆ రోజు తలుపు లోపల కొట్టిన దెబ్బలు నిజమో నటనో తెలిస్తే చాలు అత్తకు. నోరు తెరిచి అడగడానికి ధైర్యం లేదు, అడగకుండా ఉండటానికి శక్తి అయిపోయింది. చిన్నదాన్నే గానీ అది నాకు తెలిసింది. అప్పట్నుంచి మామ్మను చూస్తే నాకు కోపం వచ్చేది.

అత్త ఆ కథకు మిగతాది తనే వేయడం మొదలుపెట్టింది. పాత క్యాలెండరు కాగితాల వెనక తెల్లగా ఉంటుంది కదా, వాటి మీద నాన్న ఇంకుసీసాతో. తెలియకుండానే ఆ చెయ్యి ఆదివారం బడి బొమ్మలకూ పాకింది. క్రిస్మసుకని వేసిన గుడ్డ మీద మరియమ్మకు ఆ చెరువు కళ్ళే వచ్చాయి. మా పాస్టరు అయ్యగారు గుడి గుమ్మంలో నిలబడి, “రూతమ్మా, మరియమ్మకు కళ్ళు కాస్త పెద్దవయినట్టున్నాయి” అన్నారు. “దూతను చూసింది కదండీ అయ్యగారూ, పెద్దవవ్వవా” అంది అత్త. అందరూ నవ్వారు, మామ్మ తప్ప. ఆమె ఆ గుడ్డ దగ్గరికి వెళ్ళి, ముక్కు ఆనేటంత దగ్గరగా చూసి, అత్త మొహం చూసింది. ఇంటికి వచ్చే దారంతా ఏమీ అనలేదు. తిట్టని మామ్మ పక్కన నడవడం ఎలాంటిదో ఆ రోజే తెలిసింది, దానికంటే తిట్లే మేలు.

ఆ తర్వాత వచ్చిన శనివారం మామ్మ కూటానికని వెళ్ళింది. అత్త ఆ పూట చివరి కాగితాలు వేసింది. గాలిలో తేమకు ఇంకు ఆరదు, అందుకని వసారాలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వాటిని వరసగా తగిలించింది. తలుపు తెరుచుకోవడం, తలుపులో తల్లి నిలబడటం, తల్లి చెయ్యి లేవడం, పిల్ల తల వంచుకోవడం. ఒక్క అక్షరం లేదు. దొరల బట్టలే వేసింది గానీ తల్లి చేతిలో మాత్రం కొబ్బరిమట్ట ఉంది. నేను వాటిని చూస్తూ ఉండగానే మబ్బు పట్టి, గాలి లేచి, మొదటి చినుకులు రేకు మీద పడ్డాయి. ఆ చప్పుడులో గేటు చప్పుడు మాకు వినపడలేదు. గాలివాన వస్తుందని కూటం మధ్యలోనే ఆపేశారట. తిరిగి చూసేసరికి మామ్మ వసారా మెట్టు మీద ఉంది, తల మీద కొంగు, చంకలో బైబిలు.

అత్త పుస్తకానికి అడ్డంగా జరిగింది గానీ ఆలస్యమైపోయింది. మామ్మ వంగి ఆ లావుపాటి పుస్తకం తీసుకుంది, ఒక పేజీ తిప్పింది. “చీనా” అంది, అత్తనే చూస్తూ. “ఆ గోడల మీద, ఆ లారీల మీద రాసింది ఇదే. నాకు సదువు రాదుగానీ కళ్ళున్నాయే. మొదట్రోజే తెలుసు నాకు.” సముద్రం ఎంత దూరమో లెక్కేసుకున్నాను, ఆమె చేతిలోంచి లాక్కుని పరిగెత్తితే ఎలా ఉంటుందో కూడా ఆలోచించాను. “మరెందుకు ఊరుకున్నావమ్మా?” అంది అత్త. మామ్మ పుస్తకం బల్ల మీద పెట్టి, తాడు మీది కాగితాల దగ్గరికి వెళ్ళింది. వాన పెరిగింది. ఒక్కో కాగితం ముందూ ఆగింది. చదువు రాని మా మామ్మ, ఒక్క అక్షరం లేని ఆ బొమ్మల్ని మొదటిదాని నుంచి చివరిదాని దాకా తడబడకుండా చదివింది. కొబ్బరిమట్ట దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి తాడును పట్టుకుంది.

“దీనికి సుక్కల్లేవేటి?” అంది.

మాకు అర్థం కాలేదు. మామ్మ తల్లి మొహం మీద వేలు పెట్టింది. “గుంటకి కళ్ళ నిండా సుక్కలెట్టినావు. తల్లికి నల్లగా పులిమేసినావు. ఎందుకలాగ?”

“తల్లులకి పెట్టరమ్మా” అంది అత్త. “ఆ పుస్తకంలో ఎవరికీ లేవు.”

“ఆ పుస్తకం గీసినోడు అక్కడున్నాడేటి? నానున్నాను. కళ్ళ నిండా నీళ్ళే. దారి కనబడక రెండుమాట్లు తూలినాను. నీళ్ళుంటే మెరవ్వా కళ్ళు? నువ్వు తల దించుకున్నావు. నువ్వు సూడలేదు.”

అత్త ఒక అడుగు ముందుకు వేసింది. ఆ ప్రశ్న బయటికి వస్తుందని నాకు తెలిసిపోయింది, చెవులు మూసుకోవాలనిపించింది. “తలుపేసినాక కూడా కొట్టావు కదమ్మా. అప్పుడెవరూ లేరు. అప్పుడెందుకు కొట్టావు?” రేకు మీద వాన దంచుతోంది, అయినా అత్త అరవకుండానే అడిగింది, మామ్మకు వినపడింది.

మామ్మ తాడు వదల్లేదు. “పక్కింట్లో ఆళ్ళ మనిషి ఉండీవోడు. గోడకి సెవి పెట్టుకుని ఉండీవోడు. సెయ్యి ఆపితే నాకు ఏడుపొచ్చేస్తాది, రాగం తీసి ఏడిసేస్తాను, నాకు తెలుసు. దొంగ గుంటడ్ని కొట్టి ఏ తల్లయినా అలాగ ఏడుస్తాదేటి? ఆడికి తెలిసిపోద్ది. అందుకని కొట్టినాను. ఏడుపు లోపలికి పోయేదాకా కొట్టినాను.” అత్త వైపు తిరిగి, “ఆ ఏడుపు మళ్ళీ బయటికి రాలేదే, రూతూ. ఎన్నిమాట్లు అడుగుదామనుకున్నానో, దెబ్బలు ఇంకా ఉన్నాయా అని. అడిగితే అది వచ్చేస్తాదని అడగలేదు. ఈ పుస్తకం మాటా అందుకే ఎత్తలేదు” అంది.

మా మామ్మ ఏడవలేదు. ఏడుస్తుందని నేను ఎదురుచూశాను గానీ, అలాంటివి కథల్లో జరిగినంత తేలిగ్గా ఇళ్ళల్లో జరగవు. అత్త ఏడ్చింది, చిన్నపిల్లలా ముక్కు చీదుకుంటూ. మామ్మ బల్ల మీద కూర్చుని, బొడ్డులోంచి తమలపాకుల సంచి తీసి, సున్నం డబ్బీ మూత విప్పింది. ఆకుకు రాసుకుంటుందనుకున్నాను. చూపుడువేలి చివర కాస్త సున్నం తీసుకుని, లేచి వెళ్ళి, బొమ్మలోని తల్లి కంట్లో చుక్క పెట్టింది. చుక్క పెద్దదయిపోయి రెప్ప దాకా పాకింది. మామ్మ మెడ వెనక్కి వాల్చి చూసుకుని, “రెండోది నువ్వెట్టు. నాకు సన్నగా రాదు” అంది.

అత్త పెట్టింది, సన్నగా, ఉండాల్సిన చోట. తల్లీకూతుళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి ఆ మొహాన్ని చూశారు. నేను వాళ్ళ వెనక ఉన్నాను. తాడు చివర ఇక కాగితాలు లేవు, ఖాళీ క్లిప్పులు రెండు గాలికి ఊగుతున్నాయి. మామ్మ అటు చూసి, “తర్వాత ఆ గుంట ఏటవుద్ది?” అని అడిగింది.

“తెల్దమ్మా. ఇంకా ఎయ్యలేదు.”

మామ్మ మళ్ళీ బల్ల మీద కూర్చుంది. సున్నం డబ్బీ మూత పెట్టకుండా అత్త వైపు జరిపి, కాళ్ళు చాపుకుంది.

“ఎయ్యి” అంది. “నాను సూస్తాను.”